గాలివాన వెలిసిన పిదప పది దినములు



తుపాను అనగా బందరు, కాకినాడ తీరముల వారి కష్టమని మన పెద్దలు తలచుచుండిరి. జనగామ చెలకల రైతునకు వాన కురియుమని మ్రొక్కుట తెలియును గాని వాన నిలువుమని మ్రొక్కుట తెలియదు. సముద్రము మనకు వంద మైళ్లకు మించిన దూరమున నున్నది గదా యని ధైర్యముగా నుంటిమి. 2023 మొదలు 2025 వరకు వరుసగా మూడు వానాకాలములు ఆ ధైర్యమును తీసివేసినవి. కావున ఆ మూడు దెబ్బలను ఒక్కచోట నుంచి చూచి, వానివలన మనము నేర్చుకొనవలసినదేమో విచారించుట యుక్తము.

మూడు సంవత్సరములు, మూడు దెబ్బలు

2023 జూలై 27వ తేదీ తెల్లవారుజామున భూపాలపల్లి జిల్లాలోని మోరంచవాగు పొంగి మోరంచపల్లి గ్రామమును ముంచెను. ఆ ఇరువదినాలుగు గంటలలో ఆ జిల్లా చిట్యాలలో 616.5 మిల్లీమీటర్లును, పొరుగుననున్న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లును వర్షము కురిసెను. జనులు మేడలపైకెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. హెలికాప్టరులును పడవలును వచ్చి వారిని ఒడ్డున చేర్చవలసి వచ్చెను. కొందరు వరదలో కొట్టుకొనిపోయిరి. కట్టుగొయ్యలకు కట్టియున్న పశువులు కట్టిన చోటనే చచ్చినవి.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో దెబ్బ మహబూబాబాదు జిల్లాపై పడినది. ఆకేరు మొదలగు వాగులు గట్లు దాటి పారినవి. కేసముద్రము, ఇంటికన్నె స్టేషనుల నడుమ రైలుకట్ట మట్టియు కంకరయు కొట్టుకొనిపోయి, ఇనుప పట్టాలు గాలిలో వ్రేలాడెను. కాజీపేట, విజయవాడల నడుమ రైళ్లు కొన్ని దినములు నిలిచిపోయినవి.

2025 అక్టోబరు 28వ తేదీ రాత్రి మొంథా యను తుపాను నరసాపురము సమీపమున తీరము దాటెను. తీరము దాటిన తుపాను బలహీనమగునని మనము వినియుంటిమి. గాలి బలహీనమైన మాట నిజమే. కాని మేఘము మోసికొని వచ్చిన నీరు ఎచ్చటనో కురియక తప్పదు గదా. అది 29వ తేదీన ఓరుగల్లు ప్రాంతమంతటను కురిసెను. హనుమకొండ జిల్లా భీమదేవరపల్లి మండలమున ఒక్క దినమున 40 సెంటీమీటర్లకు పైగా వాన పడెను. డోర్నకల్ రైలు స్టేషనులో పట్టాలపై నీరు నిలిచెను. జనగామ, మహబూబాబాదు ప్రాంతములలో కోతకు వచ్చిన వరి నేలకొరిగెను. విచ్చిన ప్రత్తి తడిసి నల్లబడెను. అన్నిటికంటె దుఃఖకరముగా, కోసి ఆరబోసిన ధాన్యము కల్లములలోను, కొనుగోలు కేంద్రముల ముంగిటను, రోడ్ల వెంటను నీట కొట్టుకొనిపోయెను.

ఈ మూడు దెబ్బలును పంటకు మూడు వయస్సులలో తగిలినవి. మొదటిది నాట్ల వేళ, రెండవది పైరు ఎదుగు వేళ, మూడవది పంట చేతికందు వేళ. కావున మూడు పాఠములును వేరు. అయినను మూడింటికిని సామాన్యమైన పాఠ మొకటి కలదు. గాలివాన ఒక్క రాత్రిలో తీసికొనిపోవునది కొంత; వెలిసిన పిదప పది దినములలో మన ఏమరుపాటువలనను, ఒంటరితనమువలనను పోవునది మరికొంత. మొదటిదానిని ఆపుట మన వశము కాదు. రెండవదానిని ఆపుట చాలవరకు మన చేతిలోనే యున్నది. ఈ వ్యాసమున చెప్పదలచినది ఇంతియే.

మొదట ఇల్లు, నీరు, పశువులు

వరద తీసిన ఇంట మొదటి దినమున కానవచ్చునది బురద. గోడ నానియున్నది, పొయ్యి కరగినది, బియ్యపు డబ్బాలో నీరున్నది, పిల్లల పుస్తకములు ముద్దలైనవి. గృహిణి చీపురు పట్టుకొని ఎచ్చట మొదలుపెట్టవలెనో తెలియక నిలుచుండును. ఆ సమయమున పొరుగింటివారు ఇద్దరు వచ్చి ఒక్కొక్క ఇల్లు వరుసగా కడిగినచో నాలుగు దినముల పని రెండు దినములలో తీరును. నాట్లకు బదులు పోవు మన ఆడువారికి ఈ పద్ధతి క్రొత్తది గాదు. పొలమున బదులు పోయినట్లే బురద కడుగుటకును బదులు పోవలెను.

నానిన మట్టిగోడ ఎండ కాచిన పిదప కూలుట కలదు. వాన వెలిసినది గదా యని వెంటనే దాని క్రింద పండుకొనరాదు. తేళ్లు, పాములు పొడి చోటు వెదకుకొని గడ్డివాములలోను, వంటచెరకు క్రిందను చేరియుండును. కర్రతో కదలించి చూడనిదే చేయి పెట్టరాదు. ముంపునకు గురియైన బావినీరు చూపునకు తేటపడినను త్రాగుటకు పనికిరాదు. బావిని తోడించి, గ్రామపంచాయతీవారిచేత బ్లీచింగు పొడి వేయించి, ఆ పిదపను కొన్ని దినములు కాచి చల్లార్చిన నీరే త్రాగవలెను. వరదలో ప్రాణము దక్కించుకొనిన బిడ్డ వారము దినములకు వాంతిభేదులతో మంచమెక్కినచో అది గాలివాన దోషము గాదు, మన దోషమే.

నీట మునిగిన కరెంటు మోటారును ఆరకమునుపే నడపిచూచుట మరియొక పొరపాటు. చుట్టలు కాలిపోయి మోటారు పోవును. స్టార్టరు పెట్టె తడిసియుండినచో మనిషియే పోవును. మెకానికు చూచి ఆరబెట్టిన పిదపనే మీట నొక్కవలెను. తెగి పడిన తీగ దాపునకు ఎవ్వరును పోరాదు.

పశువులకు తడిసి బూజుపట్టిన గడ్డి వేయరాదు. వరద పిదప గొంతువాపు, జబ్బవాపు మొదలగు రోగములు ప్రబలుట కలదు గనుక, టీకాలు వేయువారిని గ్రామమునకు పిలిపించుట మొదటి వారములోనే జరుగవలెను. చచ్చిన పశువును పూడ్చుటకు ముందు పశువైద్యునిచేత పరీక్షింపజేసి పత్రము పొందవలెను. ఆ పత్రము లేక పరిహారము రాక తిరుగు రైతు మొగము చూచినవారెవ్వరును ఈ మాట మరువరు.

పొలమున

నాట్ల వేళ వరద వచ్చినచో పొలమున ఇసుక మేట వేయును. ప్రభుత్వపు విపత్తు సహాయ నియమములలో, 2022-26 కాలమునకు, మూడు అంగుళములకు మించిన మేట తీయుటకు చిన్న, సన్నకారు రైతునకు హెక్టారునకు 18,000 రూపాయలు ఏర్పరుపబడినవి. మేట లోతును అధికారులు చూచునంతవరకు కదలింపకయుంచి, చూచిన పిదప ఆలస్యము చేయక తీయించుట మేలు. నారు పోయినచో మరల నారుపోసి నాటుటకు కాలము చాలదు. అట్టి వేళ తక్కువ కాలపు రకములను మొలకకట్టి దమ్ములో వెదజల్లుట ఉత్తమము. ఈ విత్తనము అప్పటికప్పుడు దొరకదు. సంఘము ముందుగా నిలువ చేసియుంచిననే దొరకును.

పైరు ఎదుగు వేళ మునిగినచో మొదటి పని నీరు తీసివేయుట. ఎగువవాడు తన నీరు దిగువవానిపైకి వదలుటయు, దిగువవాడు గట్టువేసి ఆపుటయు, ఇద్దరును గట్టుమీద తగవులాడుటయు మనము చూచుచునేయున్నాము. నీరు పోవు త్రోవను కలిసి త్రవ్వుకొనిననే ఇద్దరి పైరును బ్రతుకును. ప్రత్తికిని మిరపకును వేరు వద్ద నీరు రెండు దినములు నిలిచినచో మొక్క వడలును. నీరు తీసిన పిదప లీటరునకు 3 గ్రాముల చొప్పున కాపర్ ఆక్సీక్లోరైడు కలిపి మొదళ్లు తడుపుటయు, లీటరునకు 10 గ్రాముల పొటాషియం నైట్రేటు ఆకులపై పిచికారి చేయుటయు శాస్త్రజ్ఞులు చెప్పు ఉపాయములు.

పంట చేతికందు వేళ వరి నేలకొరిగినచో, నాలుగైదు దుబ్బులను కలిపి నిలబెట్టి కట్టవలెను. నీటిని కాలువ తీసి వెడలగొట్టవలెను. మబ్బు వీడక ముసురు పట్టియున్నచో గింజ కంకిలోనే మొలకెత్తును. దీనికి లీటరు నీటిలో 50 గ్రాముల ఉప్పు కరగించి కంకులు తడియునట్లు చల్లుట మంచి ఉపాయము. ఉప్పు ప్రతి యింట నుండునది, వెల తక్కువది. అయినను ఈ సంగతి ఎరుగక, ఎరిగినను ఒక్కనాడు ఆలసించి, మొలకలు వచ్చిన పిదప విచారించువారే మనలో ఎక్కువ. విచారము మొలకను వెనుకకు త్రిప్పదు.

కల్లమున

మొంథా నేర్పిన పెద్ద పాఠము కల్లమునకు సంబంధించినది. పూర్వము కొడవలితో కోసి, మెదలు ఆరిన పిదప కుప్పవేసి, తీరిక చూచి కొట్టెడివారము. కుప్ప పైన వాన పడినను లోపలి కంకి పొడిగనే యుండెడిది. ఇప్పుడు కోతయంత్రము ఒక్క పూటలో పచ్చి ధాన్యము రాసి పోయుచున్నది. కొనుగోలు కేంద్రమున తేమ 17 శాతమునకు మించరాదు. కావున పచ్చి ధాన్యమును రోడ్డున ఆరబోసి, రేయింబవళ్లు కావలియుండి, తూకమునకై వేచియుండవలసి వచ్చుచున్నది. పండించుటకు నాలుగు మాసములు పట్టిన పంట ఈ పది పదునైదు దినములలోనే ఆకాశము క్రింద దిక్కులేక పడియుండును. అక్టోబరు కడపటి వారము, నవంబరు మాసము బంగాళాఖాతమున తుపానులు పుట్టు కాలము. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనయు ఈ మాసమునదే. అనగా మన కల్లముల కాలమును, తుపానుల కాలమును ఒక్కటే. ఇది అనుకొనకుండ వచ్చిన యాపద యని చెప్పుకొనుట ఇకమీదట చెల్లదు.

ఒంటరి రైతు ఇచ్చట నిస్సహాయుడు. తాడిపత్రి, అనగా టార్పాలిన్ పట్టా, ఒక్కటి కొనగలవాడు రాసి పైన కప్పును. క్రింద పరచుటకు రెండవది లేదు. పైనుండి వచ్చు నీటిని ఆపినను క్రింద పారు నీరు రాసి అడుగును నానబెట్టును. వాన సూచన రాగానే రాసిని మెరకకు చేర్చి, చుట్టును జానెడు లోతు కాలువ తీసి, అడుగున గడ్డిగాని పట్టాగాని పరచి, పైన కప్పి, అంచులపై రాళ్లు పెట్టవలెను. తడిసిన ధాన్యమును రాసిగా నుంచినచో వేడెక్కి రంగు మారి మొలకెత్తును. వాన కొంచెము తెరపి ఇచ్చినను పలుచగా పరచి త్రిప్పుచుండవలెను. ఎండయే లేనిచో పొడి ఊకయు ఉప్పును కలిపి తాత్కాలికముగా కాపాడుకొనవలెను. తడిసిన ధాన్యమును చూచి మొదటివాడు చెప్పిన ధరకు ఒప్పుకొని విడువరాదు. 2025-26 సంవత్సరమునకు మద్దతు ధర సాధారణ రకమునకు క్వింటాలునకు 2,369 రూపాయలు. రెండు దినముల ఎండకు తేమ దిగు ధాన్యమును తొందరపడి సగము ధరకు విడిచినచో, ఆ నష్టము తుపాను చేసినది గాదు.

ప్రత్తి సంగతియు నిట్లే. తడిసిన ప్రత్తిని పొడి ప్రత్తితో కలిపినచో రెండును చెడును. తేమ 12 శాతమునకు మించినచో ప్రత్తి సంస్థ కొనుగోలు చేయదు. వేరుగా ఏరి, వేరుగా ఆరబెట్టి, వేరుగా అమ్మవలెను.

కాగితములు

వరదలో ధాన్యము తడిసినచో ఆరబెట్టవచ్చును. కాగితము కరగిపోయినచో ఆరబెట్టుటకు మిగులదు. పట్టాదారు పాసుపుస్తకము, బ్యాంకు పుస్తకము, ఆధారు పత్రము, సంఘపు రసీదులు ఒక్క ప్లాస్టికు సంచిలో చుట్టి అటకమీద నుంచవలెను. పంట నష్టము వ్రాయుటకు అధికారి వచ్చు దినమున రైతు పొలముననే యుండవలెను. ప్రభుత్వ నియమములలో నష్టము 33 శాతము లేక అంతకు మించియుండవలెనని యున్నది గనుక, నీరు నిలిచియుండగానే ఫోటోలు తీసి దినము గురుతుపెట్టి యుంచుకొనుట మంచిది. మొంథా పిదప రాష్ట్ర ప్రభుత్వము ఎకరమునకు 10,000 రూపాయలు పరిహారమని ప్రకటించెను. ఇట్టి సొమ్ము జాబితాలో పేరున్నవానికే చేరును.

కౌలుదారుల కష్టము వేరు. విత్తనము, ఎరువు, కూలి అతనివి, నష్టము అతనిది, పుస్తకముమీది పేరు మాత్రము భూస్వామిది. భూస్వామియు కౌలుదారును ఇద్దరును మన గ్రామమువారే. పరిహారము వచ్చినచో ఎవనికి ఎంత యని, కౌలు మాట్లాడుకొను దినముననే పెద్దల యెదుట కాగితముపై వ్రాసికొనుట ధర్మము. నష్టము వచ్చిన పిదప మాటలు కుదురవు.

అప్పు

పది దినములలో రైతు చేయు పొరపాటులన్నిటిలో పెద్దది ఎక్కువ వడ్డీ అప్పు. యాసంగి నారుకు చేతిలో రూపాయి లేదు. పాత అప్పు తీరలేదు. అప్పుడు వడ్డీవ్యాపారి తలుపు తీసియుండును. ఆ తలుపు లోనికి పోవుట సులభము. సంఘములో పంట రుణము తీసికొనినవారు నష్టము జరిగిన వెంటనే వ్రాతపూర్వకముగా దరఖాస్తు పెట్టుకొనవలెను. 33 శాతము, అంతకు మించిన నష్టమునకు పంట రుణమును దీర్ఘ వాయిదాలుగా మార్చు పద్ధతి 2018 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశములలో చెప్పబడినది. అడిగినవానికే న్యాయము. అడుగక వాయిదా తప్పినవాడు బాకీదారుగనే లెక్కింపబడును.

అసలు సహకారోద్యమము పుట్టినదే ఆపదయందు. జర్మనీ దేశమున 1846-47 చలికాలమున పంటలు పోయి ఆకలి ప్రబలినపుడు, వైయర్‌బుష్ అను చోట పాలకుడైన రైఫైజన్ కలిగినవారి వద్ద సొమ్ము కూర్చి, పేదలకు పిండియు రొట్టెయు అరువిచ్చి, పంట వచ్చిన పిదప తీర్చుకొను ఏర్పాటు చేసెను. దానములవలన కలకాలము నడవదని తెలిసికొని, 1864లో హెడ్డెస్‌డార్ఫులో రైతులే సభ్యులుగా పరపతి సంఘమును నెలకొల్పెను. మన దేశమున 1904లో వచ్చిన సహకార పరపతి సంఘముల చట్టమునకు ఆ సంఘములే మాదిరి. మన పొరుగుననే, మొంథా నాడు పెద్దవాన పడిన ఆ భీమదేవరపల్లి మండలముననే, విశ్వనాథరెడ్డిగారి పూనికతో 1956లో ఏర్పడిన ముల్కనూరు సహకార సంఘము కలదు. అప్పు, ఎరువు, విత్తనము, పంట అమ్మకము అన్నియు సభ్యునకు ఒక్కచోటనే జరుగునట్లు అది పెరిగినది. ఇట్టి సంఘములు ఒక్కనాటి యాపదకు పుట్టి, ప్రతినాటి పనికి నిలిచినవి. మనదియు నట్లే నిలువవలెను.

చెరువు

మన ప్రాంతమున వరదను ఆపునది సముద్రపుగట్టు గాదు, చెరువుకట్ట. 13వ శతాబ్దమున కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ కట్టించిన బయ్యారము చెరువు మొదలు మన ఊరి కుంట వరకు, ఎగువ చెరువు మత్తడి దుమికిన నీరు దిగువ చెరువులో చేరునట్లు పెద్దలు గొలుసుగా ఏర్పరచిరి. గొలుసులో ఒక కొక్కెము తెగినచో క్రిందివన్నియు తెగును. మత్తడి కాలువను ఆక్రమించి దున్నుకొనినవాడు తన కుంట భూమి సంపాదించెననుకొనును. అతడు ఊరంతటి మీదికి నీటిని త్రిప్పెను. వానాకాలమునకు ముందు కట్టమీది తుమ్మలు కొట్టి, తూము మూతలు సరిచూచి, మత్తడి త్రోవ తీయుట ఒక్క దినపు శ్రమదానము. కట్టకు గండి పడిన పిదప ఇసుక బస్తాలు మోయుట రాత్రియంతయు పట్టును.

సంఘము చేయదగిన తీర్మానములు

రాబోవు సర్వసభ్య సభలో ఈ క్రింది విషయములను ఆలోచింపవలెనని మనవి.

1. సంఘపు సొమ్ముతో తాడిపత్రులు కొని, కోతల కాలమున సభ్యులకు స్వల్ప అద్దెకు ఇచ్చుట. పది మందికి ఒక్కొక్కటి గాక, రాసికి రెండు చొప్పున ఉండునట్లు చూచుట.

2. కొనుగోలు కేంద్రమునకు మెరక స్థలము ఏర్పరచి, సిమెంటు కల్లమును, చుట్టును నీటికాలువయు కట్టించుట. వీలైనచో నాలుగైదు సంఘములు కలిసి ధాన్యము ఆరబెట్టు యంత్రమొకటి సంపాదించుట.

3. తక్కువ కాలపు వరి విత్తనమును ఆపద్ధర్మ నిలువగా నుంచుట. ఏ రకము గింజ తడికి త్వరగా మొలకెత్తదో మల్యాల కృషి విజ్ఞాన కేంద్రమువారిని అడిగి సభ్యులకు తెలుపుట.

4. తుపాను సూచన వచ్చిన వెంటనే చాటింపు వేయించుటకును, ఒంటరి వృద్ధులను, వాగు ప్రక్క తండాలవారిని ముందుగా మెరకకు చేర్చుటకును, కోతయంత్రములను రెండు దినములు ఆపుటకును యువకుల దళమును ఏర్పరచుట.

5. నష్టపు దరఖాస్తులు వ్రాయుటకు చదువు రాని సభ్యులకు సంఘపు గుమాస్తా కార్యాలయముననే సాయపడుట. కౌలుదారుల పేర్లు వేరు పుస్తకమున వ్రాసియుంచుట.

6. ప్రతి సభ్యుడును పంట అమ్మిన నాడు కొలదిపాటి సొమ్ము విపత్తు నిధికి జమకట్టుట.

ఇందులో ఏదియు మన శక్తికి మించినది కాదు. ఒక్కడు చేయబూనినచో ప్రతిదియు మించినదే.

సోదరులారా, మొంథా వచ్చిన మరునాటి యుదయమున తన రాసిని దోసిళ్లతో బురదనుండి ఎత్తి సంచిలో పోసికొను రైతులను మనము చూచితిమి. ఆ దోసిలిలోని గింజలు పది రూపాయలు చేయునో చేయవో. కాని అతడు విడువలేదు. అట్టి పట్టుదల మనకు కొఱత లేదు. కొఱతయైనది ముందుచూపును, కూడి చేయు అలవాటును. గాలివాన మరల వచ్చును. ఏ యేట వచ్చునో చెప్పజాలము. ఆనాడు మన కల్లమున రాసికి రెండు పట్టాలును, చుట్టు కాలువయు, ఇంట పొడి సంచిలో కాగితములును, సంఘమున కొంత నిధియు నున్నచో, అది ఒక రాత్రి కష్టముగా గడచిపోవును. లేనిచో ఒక సంవత్సరపు అప్పుగా మిగులును. ఈ రెంటిలో ఏది కావలయునో, తరువాతి కోతలు రాకమునుపే, మీ మీ గ్రామములలో కూడి నిర్ణయించుకొనుడు.